చర్చి బయట నిలిపిన కార్లు: మతం, ఓటు, సర్వే ప్రశ్న

మతానికీ ఓటుకూ ఉన్న సంబంధం గురించి ఏ సర్వే వెలువడినా ఒకే అభ్యంతరం వినిపిస్తుంది: "కోట్ల మంది ఉన్న దేశంలో వెయ్యి మందిని అడిగితే ఏం తెలుస్తుంది?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే సర్వేలను అనుమానించడంలో తప్పు లేదు గానీ, అనుమానించవలసిన చోటును వదిలేసి మరోచోట అనుమానిస్తున్నాం. సరైన పద్ధతిలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యి మంది సమాధానాలు చాలా సందర్భాల్లో మొత్తం జనాభా సమాధానాలకు 3 శాతం అటూ ఇటూగా సరిపోతాయి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలపై లిటరరీ డైజెస్ట్ పత్రిక జరిపిన సర్వేకు 20 లక్షలకు పైగా సమాధానాలు వచ్చినా, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడన్న దాని జోస్యం ఫలించలేదు. అతని ప్రత్యర్థి రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. కాబట్టి సంఖ్యను పక్కన పెట్టి, అడిగిన ప్రశ్నను చూద్దాం.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ 1993లో ప్రచురితమైన ఒక అధ్యయనం. హాడవే, మార్లర్, చేవ్స్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆష్టబ్యులా కౌంటీని (మన జిల్లా లాంటిది) ఎంచుకున్నారు. అక్కడి ప్రొటెస్టంట్లను ఫోనులో అడిగినప్పుడు సుమారు 36 శాతం మంది వారం వారం చర్చికి వెళ్తున్నామని చెప్పారు. పరిశోధకులు అంతటితో ఆగకుండా ఆ కౌంటీలోని చర్చిలను వెతికి పట్టుకుని హాజరు లెక్కలు సేకరించారు. లెక్కలు దొరకని చోట ఆరాధన జరిగే వేళకు స్వయంగా వెళ్లి, బయట నిలిపిన కార్లను లెక్కపెట్టి, లోపల ఎంతమంది ఉంటారో అంచనా కట్టారు. చివరికి తేలినది సుమారు 20 శాతం.

వెళ్తున్నామని చెప్పి వెళ్లనివారిని అబద్ధాలకోరులనడం న్యాయం కాదని నా అభిప్రాయం. "చర్చికి వెళ్తారా?" అన్న ప్రశ్న వారి చెవికి "మీరు భక్తి గల మనిషేనా?" అన్నట్టు వినిపించింది, వారు దానికి నిజాయితీగానే బదులిచ్చారు. చర్చి ప్రస్తావనే లేకుండా "ఆ రోజు ఉదయం నుంచి ఏమేం చేశారు?" అని అడిగి రాయించుకున్న దినచర్యలను 1998లో ప్రెసర్, స్టిన్సన్ అనే పరిశోధకులు పరిశీలించినప్పుడు, వారం వారం హాజరయ్యేవారి సంఖ్య నేరుగా అడిగిన సర్వేల కంటే దాదాపు మూడో వంతు తక్కువగా కనిపించింది.

ఇప్పుడు ఇదే కార్ల లెక్కను ఓటు దగ్గరికి తీసుకువెళ్దాం. అమెరికాలో ఎవరు ఓటు వేశారన్నది అధికారిక రికార్డుల్లో నమోదవుతుంది, ఎవరికి వేశారన్నది మాత్రం నమోదు కాదు. సర్వేలో "ఓటు వేశాను" అన్నవారి పేర్లను ఆ రికార్డులతో సరిచూస్తే కొందరు అసలు పోలింగు కేంద్రానికే వెళ్లలేదని బయటపడుతుంది. అలా చెప్పేవారిలో చదువుకున్నవారూ, పార్టీ అభిమానం గట్టిగా ఉన్నవారూ, మతనిష్ఠ గలవారూ ఎక్కువని పరిశోధనల్లో తేలింది. చిక్కంతా ఇక్కడే ఉంది. మంచి భక్తుడిగా, మంచి పౌరుడిగా కనిపించాలన్న ఒకే కోరిక రెండు సమాధానాలనూ పెంచుతుంటే, "చర్చికి వెళ్లేవారు ఎక్కువగా ఓటు వేస్తారు" అన్న సంబంధం ఉన్నదానికంటే బలంగా కనబడుతుంది. ఆ సంబంధం లేదని నేను అనడం లేదు. దాని బలాన్ని చెప్పే ముందు కార్లనూ రికార్డులనూ రెండింటినీ చూసి తీరాలంటున్నాను.

ప్రశ్నలోని మాటలు మారినా దేశ చిత్రమే మారిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో "మీ మతం ఏది?" అని అడిగితే ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 25 శాతం మంది ఏ మతమూ లేదన్నారు. అదే కాలంలో బ్రిటిష్ సామాజిక దృక్పథాల సర్వే "మీరు ఏదైనా మతానికి చెందినవారిగా భావిస్తున్నారా?" అని అడిగితే దాదాపు సగం మంది లేదన్నారు. మొదటి ప్రశ్న మతం ఉందని ముందే అనుకుని అడిగినది.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. సర్వే పత్రంలో "ప్రొటెస్టంట్" అన్న ఒక్క గడితో సరిపెట్టుకోకూడదు. అమెరికాలో శ్వేతజాతి ఎవాంజెలికల్ (బైబిలుకూ, మత ప్రచారానికీ అధిక ప్రాధాన్యమిచ్చే ప్రొటెస్టంట్ శాఖ) చర్చిలవారూ, నల్లజాతి ప్రొటెస్టంట్ చర్చిలవారూ ఓటులో ఎదురెదురు దిక్కుల్లో ఉన్నారు, ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఆ తేడా మాయమవుతుంది.

కారణమేదో, ఫలితమేదో తేల్చడం ఇంకా కష్టం. మతమే రాజకీయాన్ని నిర్ణయిస్తుందని మనం అనుకుంటాం గానీ, అమెరికాలో ఏ మతమూ లేదన్నవారు 1991లో 7 శాతం ఉండి 1998 నాటికి 14 శాతం అయినప్పుడు, ఆ పెరుగుదలను పరిశీలించిన హౌట్, ఫిషర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు దానిలో రాజకీయం పాత్రను గుర్తించారు. మతం పేరుతో సాగిన సంప్రదాయవాద రాజకీయం నచ్చని ఉదారవాదులూ మధ్యేవాదులూ మతం పేరు చెప్పుకోవడం మానుకున్నారని వారి వాదన. ఆ మానుకున్నవారిలో చాలామందికి దేవుడిపై నమ్మకం అలాగే ఉంది. కేవలం "మీ మతం ఏది?" అని అడిగి ఊరుకున్న ప్రశ్నావళి వారినందరినీ నాస్తికుల పక్కనే కూర్చోబెడుతుంది.