ఫోన్ల ఫ్యాక్టరీలో లైన్ ఉద్యోగం: గేటు నుంచి జీతం స్లిప్ దాకా

దృశ్యం: తడ దగ్గర హైవే. తెల్లవారుజామున వరసగా వెళ్తున్న కంపెనీ బస్సులు.

వాయిస్: 2015లో ఇక్కడి శ్రీసిటీ పారిశ్రామిక వాడలో, వేరే కంపెనీల ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్, షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లోనూ ఆ సంస్థ ప్లాంటుకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఈ వీడియో ఏ ఒక్క కంపెనీ గురించో కాదు. ఇంటర్, ఐటీఐ చేసి ఇలాంటి అసెంబ్లీ లైన్లో చేరబోయేవాళ్లకు లోపల పని ఎలా ఉంటుందో, చేతికి ఎంత వస్తుందో చూద్దాం.

దృశ్యం: ఫ్లోర్ గేటు. మణికట్టు పట్టీ టెస్టర్ మీద ఎర్ర లైటు.

వాయిస్: మీ సెల్‌ఫోన్ లాకర్లోకి పోతుంది. యాప్రాన్, క్యాప్, మడమకు హీల్ స్ట్రాప్, చేతికి రిస్ట్ స్ట్రాప్. టెస్టర్ మీద వేలు పెడితే పచ్చ లైటు వెలగాలి. ఎరుపొస్తే ఎక్కువసార్లు కారణం మూడింట్లో ఒకటి: పట్టీ వదులుగా ఉంది, చర్మం పొడిబారింది, లేదా వైరు క్లిప్ దగ్గర లోపలే తెగింది. చొక్కా చేతి మీద పట్టీ కట్టుకున్నా ఇంతే.

దీనికింత పట్టింపు ఎందుకంటే, ఒంటి మీద పేరుకునే స్టాటిక్ కరెంటును ఈ పట్టీలే నేలలోకి పంపేస్తాయి. మనకు చిటుక్కుమని తగిలే స్టాటిక్ సుమారు 3,000 వోల్టులు. కొన్ని చిప్పులు 100 వోల్టుల లోపే దెబ్బతింటాయి. మన ఒంటికి తెలియనే తెలియదు. బోర్డు అక్కడికక్కడే పోతే నయం, టెస్టులో దొరుకుతుంది. సగం దెబ్బతిన్నదైతే ఇక్కడ పాసై, కొన్నవాళ్ల చేతిలో ఆగిపోతుంది.

దృశ్యం: లైన్. స్క్రూ స్టేషన్ దగ్గరగా.

వాయిస్: 8 గంటల షిఫ్టు అంటే 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీ బ్రేకులకు 20, షిఫ్టు మొదట్లో మీటింగుకు 10 తీసేద్దాం. మిగిలింది 420 నిమిషాలు, అంటే 25,200 సెకన్లు. టార్గెట్ 1,200 ఫోన్లనుకుంటే ఒక్కోదానికి 21 సెకన్లు.

ఆ 21 సెకన్లలో స్క్రూ స్టేషన్ ఆపరేటర్ పని ఇది. ఫోన్‌ను కదలకుండా పట్టి ఉంచే జిగ్‌లో కూర్చోబెట్టాలి, బార్‌కోడ్ స్కాన్ చేయాలి. స్క్రూలు అందించే ఫీడర్ నుంచి స్క్రూ ఎత్తాలి, స్క్రూడ్రైవర్ నిటారుగా పట్టాలి, మూలకు మూల ఎదురెదురుగా నాలుగూ బిగించాలి. స్క్రూడ్రైవర్ వాలితే స్క్రూ తల స్లిప్ అవుతుంది. అంతకంటే ప్రమాదం పొడవు స్క్రూ. పొట్టి స్క్రూ పడాల్సిన రంధ్రంలో అది పడితే మొన బోర్డు లోపలి పొరల్లోకి దిగుతుంది. ఆ బోర్డు ఇక స్క్రాపే. డిస్‌ప్లేను బోర్డుకు కలిపే పలచటి ఫ్లెక్స్ కేబుల్ సరిగా కూర్చోకుండా మూత బిగించినా అంతే, డిస్‌ప్లే వెలగదు. స్కాన్ వల్ల ఏ స్టేషన్‌లో, ఎవరి ఐడీ మీద జరిగిందో సిస్టమ్‌లో ఉంటుంది.

కాబట్టి వెనకబడితే పీస్‌ను ముందుకు తోసేయొద్దు. ఎర్ర ట్రేలో పెట్టి లైన్ లీడర్‌ను పిలవండి. కొత్తవాళ్లు తిట్లకు భయపడి చేసే తప్పే ఇది. తోసేసిన పీస్ రీవర్క్‌కు తిరిగొచ్చాక తిట్లు రెట్టింపవుతాయి!

బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే మీ స్థానంలో కాసేపు నిలబడే రిలీవర్ రావాలి. రిలీవర్లు చాలని లైన్లలో కొందరు నీళ్లు తాగడమే తగ్గించేస్తారు, చివరికి యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటారు. ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు గానీ అడగాల్సిన ప్రశ్న: ఎంతమందికి ఒక రిలీవర్? నిలబడి చేసే స్టేషనా, కూర్చునేదా? షిఫ్టు వారానికి మారుతుందా, నెలకా?

దృశ్యం: జీతం స్లిప్.

వాయిస్: ముందు స్లిప్ పైన ఉన్న పేరు చూడండి. ఫ్యాక్టరీ పేరు కాకుండా కాంట్రాక్టర్ పేరుంటే మీ యజమాని ఆయన. జీతం ఆయన ఎగ్గొడితే మాత్రం చెల్లించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీదే, చట్టంలో ఉంది. అందుకే గేట్ పాస్, హాజరు వివరాలు దాచుకోండి.

నెలకు మొత్తం 16,000, అందులో బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 12,000 అనుకుందాం. పీఎఫ్ 12 శాతం అంటే 1,440. ఈఎస్‌ఐ (ఆరోగ్య బీమా) 0.75 శాతం, 120కి మించదు. వృత్తి పన్ను 150. చేతికి సుమారు 14,300. బస్సు, హాస్టల్, క్యాంటీన్ కోతలు ఉంటే ఇంకా తగ్గుతుంది, ఎంతో చేరేముందే కాగితం మీద రాయించుకోండి. ‘సీటీసీ (కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) 18,000’ అంటే మురిసిపోకండి, కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా అందులో కలిపేస్తారు.

ఓటీకి, అంటే షిఫ్టు దాటి చేసే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి. ఆ 12,000నే 26 రోజులు, 8 గంటలతో భాగిస్తే గంటకు 57 రూపాయల పైచిలుకు, రెట్టింపు 115. ఓటీ గంటలను స్లిప్‌లో ‘ఇన్సెంటివ్’ అని గుండుగుత్తగా వేస్తే ఆ లెక్క పట్టుకోలేరు. మీ ఓటీ గంటలు ఏ రోజుకారోజు రాసుకోండి.

దృశ్యం: యూఏఎన్ పోర్టల్ తెర.

వాయిస్: కాంట్రాక్టర్ మారినప్పుడు పాత యూఏఎన్, అంటే మీ పీఎఫ్ నంబరే ఇవ్వండి, లేకపోతే రెండో ఖాతా తెరుస్తారు. ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ పీఎఫ్ ఖాతాలోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మానేశాక పాత కాంట్రాక్టర్ ఎగ్జిట్ డేట్ వేయకుండా వదిలేస్తే పీఎఫ్ డబ్బు అక్కడే ఆగుతుంది. చివరిసారి జమైన నెల తర్వాత రెండు నెలలు గడిస్తే, ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ తెప్పించుకుని పోర్టల్‌లో ఆ తేదీ మీరే వేసుకోవచ్చు.