గర్భసంచిలో గడ్డ: సైజు సరే, ఎక్కడుంది?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: గైనకాలజిస్ట్, రేడియాలజిస్ట్, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్)

యాంకర్: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం. మేడం, గడ్డ ఉందంటే ఆపరేషన్ తప్పదా?

గైనకాలజిస్ట్: తప్పదని ఎవరన్నారండీ? చాలా గడ్డలు ఏ ఇబ్బందీ పెట్టవు, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. వచ్చినవాళ్లు ముందు సైజు చెబుతారు, "5 సెంటీమీటర్లుందట మేడం" అని. ఎక్కడుందమ్మా అంటే తెలీదు. రిపోర్టు తిప్పి చూస్తే "బల్కీ యుటెరస్ విత్ ఫైబ్రాయిడ్" అని ఒక్క లైను, అంటే గర్భసంచి పెద్దదైంది, గడ్డ ఉంది అని. లోపలి పొరలోకి పొడుచుకొచ్చిన 2 సెంటీమీటర్ల గడ్డ చాలు, మనిషిలో రక్తం లేకుండా చేయడానికి. బయటి వైపు 7 సెంటీమీటర్లది ఉన్నా నెలసరి మామూలుగా రావచ్చు.

రేడియాలజిస్ట్: అందుకే ఫిగో, అంటే గైనకాలజిస్టుల అంతర్జాతీయ సమాఖ్య, 2011లో గడ్డ ఉన్న చోటును బట్టి 0 నుంచి 8 వరకు నంబర్లు పెట్టింది. 0, 1, 2 లోపలికి పొడుచుకొచ్చేవి. 4 పూర్తిగా గోడలోనే ఉండేది. 7 బయట కాడతో వేలాడేది. ఆ ఒక్క అంకె రిపోర్టులో రాసితీరాలి.

యాంకర్: గుంటూరు నుంచి ఒక ప్రేక్షకురాలు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: నమస్తే మేడం. నాకు 43. నెలనెలా రక్తం గడ్డలు గడ్డలుగా పోతోంది, హిమోగ్లోబిన్ 8 ఉంది. స్కానింగ్‌లో చాలా గడ్డలున్నాయి, పెద్దది 6 సెంటీమీటర్లన్నారు. గర్భసంచి తీయించేసుకోమంటున్నారు.

రేడియాలజిస్ట్: నీళ్లు తాగించి కడుపు మీద నుంచి చేశారా, లోపలి నుంచి, అంటే యోని ద్వారా చేశారా?

ప్రేక్షకురాలు: కడుపు మీద నుంచేనండీ.

రేడియాలజిస్ట్: లోపలి నుంచి చేసే స్కానింగ్ అంటే చాలామంది బిడియపడతారు. కానీ లోపలి పొర స్పష్టంగా కనిపించేది అందులోనే. అనుమానం మిగిలితే గర్భసంచిలోకి కొంచెం సెలైన్ ఎక్కించి చూస్తాం. ఆ నీళ్లలోకి గడ్డ ఎంత భాగం వచ్చింది, దాని వెనక గోడ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, రెండూ తెలుస్తాయి.

గైనకాలజిస్ట్: ఆ మిల్లీమీటర్లు నాకు ప్రాణం. హిస్టెరోస్కోపీతో, అంటే గర్భసంచిలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి, కోత లేకుండా కింది నుంచే తీయాలంటే వెనక గోడ తగినంత ఉండాలి. లేదంటే చిల్లు పడే ప్రమాదం. ఇంకోటి, అడినోమయోసిస్. అందులో విడిగా గడ్డ ఉండదు, గోడే మందమవుతుంది. దాన్ని ఫైబ్రాయిడ్ అనుకుని పొట్ట తెరిస్తే ఒలిచి తీయడానికి అంచే దొరకదు.

రేడియాలజిస్ట్: ఆ తేడా ఎంఆర్‌ఐలో బాగా తెలుస్తుంది. స్క్రీన్ మీద చూడండి. మధ్యలో తెల్లటి గీత లోపలి పొర. దాన్ని పక్కకు నెడుతున్న నల్లటి గుండ్రటిది ఫైబ్రాయిడ్. అంచు గీసినట్టు ఎంత స్పష్టంగా ఉందో!

యాంకర్: ఎంబొలైజేషన్ ఎవరికి చేస్తారు సార్?

ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్: తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే ధమనిని చిన్న రేణువులతో మూసేస్తాం. రక్తం అందక గడ్డ కుంచించుకుపోతుంది. పారిస్ డాక్టర్లు 1995లో దీని ఫలితాలు ప్రచురించారు. ముందు కాంట్రాస్ట్ అనే మందు నరంలోకి ఎక్కించి ఎంఆర్‌ఐ చూడాలి. ఆ మందు ఎక్కించినా స్కాన్‌లో గడ్డ వెలగలేదంటే దానికి రక్తం ఇప్పటికే ఆగిపోయింది, మళ్లీ మూయడంలో ప్రయోజనం లేదు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు మాత్రం గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ గురించే ముందు ఆలోచిస్తాం.

యాంకర్: ఎంఆర్‌ఐ అంటే ఖర్చు కదా, అందరికీ అవసరమా?

రేడియాలజిస్ట్: అక్కర్లేదు. ఒకటో రెండో చిన్నవైతే మంచి అల్ట్రాసౌండ్ చాలు. గడ్డలు ఎక్కువున్నా, గర్భసంచి బొడ్డు దాకా పెరిగినా, ఎంబొలైజేషన్ అనుకున్నా అప్పుడు చేయించాలి. నెలసరి ఆగిపోయాక గడ్డ పెరుగుతుంటే అసలు అశ్రద్ధ చేయకూడదు. క్యాన్సర్ అనుమానం ఉందేమో చూడాలి.

ప్రేక్షకురాలు: మావారు ఈ నెలలోనే చేయించేద్దామంటున్నారు మేడం, టెన్షన్‌గా ఉంది.

గైనకాలజిస్ట్: ఇంత బ్లీడింగ్‌తో ఊరికే ఆగమని నేను అననమ్మా. రేపే మీ డాక్టర్‌ని కలిసి రక్తం పెరగడానికి, బ్లీడింగ్ తగ్గడానికి మందులు మొదలుపెట్టించుకోండి. లోపలి నుంచి స్కానింగ్ చేయించి, ఒక్కో పెద్ద గడ్డ ఎక్కడుందో నంబరుతో రాసివ్వమనండి. ఆ కాగితం చూశాక కూడా గర్భసంచి తీయడమే మేలని తేలొచ్చు. అప్పుడు ఎందుకో మీకూ తెలుస్తుంది, మీవారికీ తెలుస్తుంది.