కోరంగి రేవు నుంచి మారిషస్ దాకా

శ్రోతలకు నమస్కారం.

మారిషస్ దీవిలో తెలుగువాళ్ళకి పాతకాలం నుంచీ ఒక పేరుంది, కోరంగివాళ్ళు అని. కాకినాడ పక్కన ఉన్న మన కోరంగే అది. ఇప్పుడక్కడికి వెళ్తే మడ అడవులు, చెక్క వంతెన మీద ఫొటోలు దిగే జనం కనిపిస్తారు గానీ, ఒకప్పుడది పెద్ద ఓడరేవు. 1839 నాటి తుఫాను ఆ ఊరిని ఊడ్చిపెట్టేసింది. అయినా 1843లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ అక్కడి నుంచే మనవాళ్ళని ఎక్కించుకుని మారిషస్ బయలుదేరింది.

ఎందుకు వెళ్ళారంటే, చెరకు కోసం. బ్రిటిష్‌వాళ్ళ పాలనలో ఉన్న ఆ దీవిలో 1835లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు చవగ్గా దొరికే మనుషులు కావాల్సి వచ్చింది. దానికి ముందే, 1834 నవంబరు 2న, 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తీసుకెళ్ళి మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో దింపింది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు దాదాపు నాలుగున్నర లక్షల మంది. ఎక్కువమంది బిహార్ వైపు భోజ్‌పురీవాళ్ళు. మన విశాఖ, గోదావరి, గంజాం జిల్లాలవాళ్ళు అందులో ఒక పాయ. ఒప్పందం అయిదేళ్ళు, జీతం నెలకు 5 రూపాయలు, పైన తిండి గింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరం వచ్చినా అంతే.

వాళ్ళు దిగిన రేవు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, పదహారు. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇంతమంది మనవాళ్ళు చేరడంతో 1876లో అక్కడ రూపాయే చెలామణి డబ్బయింది. ఇవాళ్టికీ మారిషస్ డబ్బు పేరు రూపాయే.

1968 మార్చి 12న ఆ దేశం స్వతంత్రమైంది. దండి యాత్ర మొదలైన రోజని ఏరి కోరి ఆ తేదీ పెట్టుకున్నారు. ఇక అక్కడి నుంచి రాయబారుల కథ నడుస్తుంది. అందులో మన జేబులకు దగ్గరగా ఉండేది 1982 నాటి పన్ను ఒప్పందం. మారిషస్ కంపెనీలు మన దేశంలో కొన్న షేర్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను వేసే హక్కు మారిషస్‌కే వదిలేశాం. వాళ్ళేమో ఆ పన్నే వేయరు. దాంతో 1991లో మనం విదేశీ పెట్టుబడులకు తలుపులు తెరిచిన తర్వాత ఎక్కడెక్కడి పెట్టుబడులో పోర్ట్ లూయీలో ఒక ఆఫీసు తెరిచి, ఆ తలుపులోంచి మన స్టాక్ మార్కెట్లోకి వచ్చాయి. మన హైదరాబాద్ నగర జనాభా కూడా లేని దీవి, భారత్‌లో విదేశీ పెట్టుబడుల లెక్కల్లో ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచింది! అది స్నేహమా, దొడ్డిదారా అని అడిగితే, నా మటుకు రెండూనూ. 2016లో ఒప్పందాన్ని సవరించారు. 2017 ఏప్రిల్ తర్వాత కొన్న షేర్ల లాభం మీద మన దేశమే పన్ను వేస్తోంది.

మెట్రో రైలు, సుప్రీంకోర్టు భవనం, మారిషస్‌కే చెందిన అగలేగా దీవిలో విమానాల రన్‌వే లాంటివి మన సాయంతో కట్టినవి. సముద్రం మీద ఓ కన్నేసి ఉంచాలన్న మన అవసరం కూడా అందులో ఉంది, దాచేదేమీ లేదు.

నాకు ఎక్కువ నచ్చేది మాత్రం రామభజన. రాత్రిపూట దీపపు సెమ్మె వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ తెలుగు కీర్తనలు పాడతారు. ఇంట్లో మాట్లాడుకునేది క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి జనం భాష. పాడేవాళ్ళలో చాలామందికి తెలుగులో కబుర్లు చెప్పడం రాదు, పాట మాత్రం నోటికి వచ్చు. సింహాద్రి అప్పన్నని, అమ్మోరుని కొలుస్తారు. ఉగాది అక్కడ సర్కారు సెలవు రోజు. బడుల్లో తెలుగు నేర్పుతారు, రేడియోలో తెలుగు కార్యక్రమాలొస్తాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. కూరల బజారులో బీరకాయని 'పిపంగాయ్' అంటారు. అది అరవం నుంచి వెళ్ళిందంటారు గానీ, వింటే మన పెరట్లోదే అనిపిస్తుంది.

2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడికి వెళ్ళినప్పుడు, భారత మూలాలున్న మారిషస్‌వాళ్ళకి ఏడో తరం దాకా ఓసీఐ కార్డు, అంటే వీసా లేకుండా మన దేశానికి వచ్చిపోయే వీలిచ్చే కార్డు, ఇస్తామని ప్రకటించారు. మరి ఏడు తరాల వెనకటి తాత మనవాడేనని చూపించేదెట్లా? మోకా ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కూలీల పాత రిజిస్టర్లు అక్కడే భద్రంగా ఉన్నాయి. మనిషికో నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, కొందరికి ఫొటో కూడా. ఊరి పేరు మాత్రం ఆనాటి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. జిల్లా దగ్గర 'వైజాగపటం' అని చదవగలిగిన మనవడు, ఆ పక్కన ఉన్న ఊరి పేరు దగ్గర ఆగిపోయి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు.