సామర్లకోట నుంచి లాల్‌బాగ్ దాకా

సభాధ్యక్షులకు, పెద్దలకు, ఆదివారం పనులు పక్కన పెట్టి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

ఈ బెంగళూరు ప్రాంతంలో చూడదగిన తోటల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు నేను రాసుకున్న జాబితా చాలా పొడుగయింది. అన్నిటినీ తడుముతూ పోతే ఏదీ చూసినట్టు ఉండదు కాబట్టి, ఈ సాయంత్రం ఎక్కువసేపు లాల్‌బాగ్‌లోనే గడిపి, చివర కబ్బన్ పార్కుకూ బృందావనానికీ ఒకసారి వెళ్లి వద్దాం. నేను అనంతపురం జిల్లా వాడిని. మా ఊళ్లో నీడ అంటే బడి ముందున్న వేపచెట్టు, రచ్చకట్ట మీద రావిచెట్టు, అంతే. పదేళ్లప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని లాల్‌బాగ్‌లోకి వచ్చి, ఇన్ని చెట్లకు నీళ్లు ఎవరు పోస్తారని అడిగానని మా అమ్మ చాలా ఏళ్లు చెప్పుకునేది. ఆ తరవాత ఉద్యోగం ఈ ఊళ్లోనే దొరకడం వల్ల దాదాపు ప్రతి వారం ఆ తోటకు వెళుతూనే ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఒకటి ఉంది: మనలో చాలామంది లాల్‌బాగ్‌ను జనవరి, ఆగస్టు నెలల్లో జరిగే పూల ప్రదర్శనలకు వెళ్లి చూశామనుకుంటున్నాం కానీ, ఆ రోజుల్లో మనం చూసేది ప్రదర్శననే, తోటను కాదు.

తోట పుట్టుక అందరికీ కొంత తెలిసినదే. 1760లో హైదర్ అలీ సుమారు 40 ఎకరాల్లో దీన్ని మొదలుపెట్టాడు. శిరా పట్టణంలో మొగలాయి పద్ధతిలో వేసిన తోటను చూసి ముచ్చటపడి, అలాంటిదే బెంగళూరులో కావాలనుకున్నాడని చెబుతారు. టిప్పు సుల్తాను దూర దేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించి దాన్ని పెంచాడు. ఇప్పుడది 240 ఎకరాలు. అయితే 1799లో టిప్పు మరణించిన తరవాత జరిగిన కథలో మన తెలుగు నేలకు ఒక పాత్ర ఉంది. దాన్ని మనవాళ్లు ఎక్కువగా తలుచుకోరు గనక ఇక్కడ కొంచెం ఆగుతాను.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఒక తోట వేసి, మిరియాలు, నీలిమందు, అద్దకానికి ఎర్రరంగునిచ్చే చిరివేరు వంటివాటి మీద ప్రయోగాలు చేశాడు. కంపెనీకి కావలసింది లాభసాటి పంటలు. రాక్స్‌బర్గ్‌కు మాత్రం కంటబడిన ప్రతి మొక్కా కావాలి. ఇక్కడి చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు, మనవాళ్లు వాటిని ఏమని పిలుస్తారో అడిగి రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల గురించి 1795 నుంచి లండన్‌లో వెలువడిన ఆయన పెద్ద గ్రంథంలో, లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు కనిపిస్తాయి. మన అడవుల్లోని సోమిద చెట్టునే తీసుకోండి. దాని బెరడు జ్వరానికి మందుగా పనికివస్తుందని ఆయన గట్టిగా నమ్మాడు. ఈనాడు ప్రపంచమంతటా ఆ చెట్టుకు శాస్త్రనామం సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. అందులో మొదటి మాట మన సోమిదే. రెండో మాటకు జ్వరాన్ని తరిమేది అని అర్థం. ఆ పేరు చెప్పిన మనిషి ఎవరో ఏ గ్రంథంలోనూ లేదు. సామర్లకోట చుట్టుపక్కల కట్టెలు కొట్టుకునేవాడో, వేళ్లు తవ్వి అమ్ముకునేదో అయి ఉంటుందని నేను ఊహించుకుంటాను.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తాలోని కంపెనీ తోటకు అధిపతిగా వెళ్లాక, సామర్లకోట బాధ్యత బెంజమిన్ హైన్ అనే జర్మన్ చేతికి వచ్చింది. మైసూరు రాజ్యం పడిపోయిన తరవాత, 1800 ప్రాంతంలో, ఆ హైన్‌నే వృక్షశాస్త్రవేత్తగా బెంగళూరుకు పంపి లాల్‌బాగ్‌ను అప్పగించారు. రాజుల విహారానికి వేసిన తోట మొక్కలను పరిశీలించే చోటుగా మారడం అప్పుడు మొదలై, 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానం అయింది. దేశంలోని రెండు గొప్ప తోటలకు, కలకత్తాకూ బెంగళూరుకూ, మనుషులు వెళ్లింది మన సామర్లకోట నుంచి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది.

ఇక తోటలోకి నడుద్దాం. మెట్రోలో వచ్చేవారికి పడమటి గేటు దగ్గర, కానీ మొదటిసారి వచ్చేవారు ముందుగా బండ దగ్గరికి వెళ్లాలని నా మనవి. బెంగళూరు స్థాపకుడు కెంపేగౌడ ఈ నగరానికి ఎల్లలుగా కట్టించాడని చెప్పుకునే నాలుగు బురుజుల్లో ఒకటి దాని మీద ఉంది. జనం బురుజు ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. చూడవలసింది కాళ్ల కింద ఉంది. ఆ శిల వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. పెనిన్సులర్ నైస్ అనే ఈ రాయికి ఇక్కడ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు ఉంది. బూట్లు విప్పి, వంగి, ఆ రాతిలో నల్లగా తెల్లగా అలలు తిరిగిన చారలను చేత్తో తడిమి చూడండి. మా అనంతపురం గుట్టల్లో చాలా వరకు ఈ రాతి కుటుంబానివే. ఒకే రకం రాయి మీద మా ఊళ్లో ముళ్లకంప, ఇక్కడ మహావృక్షాలు! తేడా ఎత్తులో ఉంది, వానలో ఉంది, రెండున్నర శతాబ్దాలుగా నీళ్లు మోసిన తోటమాలుల భుజాల్లో కూడా ఉంది. పదేళ్లప్పుడు నేనడిగిన ప్రశ్నకు జవాబు అదే.

బండ దిగి చెట్ల మధ్యకు వస్తే తెల్లబూరుగ దగ్గర తప్పక ఆగాలి. గోడల్లా విప్పారిన దాని వేళ్ల మధ్య ఒక మనిషి నిలబడితే పక్కవాడికి కనిపించడు. అక్కడి నుంచి గ్లాస్ హౌస్ దూరం కాదు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ స్ఫూర్తితో ఇనుము, గాజు కలిపి కట్టిన ఈ భవనానికి 1889 నవంబరు 30న ఇంగ్లండు యువరాజు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. అప్పటి తోట అధికారి జాన్ కామెరాన్ పేరు మనకు గుర్తుండకపోయినా, ఆయన చేతి చలవ మన వంటింట్లో ఉంది. మెక్సికో వైపు పుట్టిన ఒక తీగకాయను ఆయన ఇక్కడ పెంచి వ్యాప్తి చేశాడంటారు. కన్నడిగులు దాన్ని సీమెబదనెకాయి అన్నారు, మనం బెంగళూరు వంకాయ అన్నాం. పప్పులో వేసినా పచ్చడి చేసినా ఆ కాయ లాల్‌బాగ్ పేరే చెబుతుంది.

కామెరాన్ తరవాత 1908లో వచ్చిన గుస్తావ్ క్రుంబీగల్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ నగరం ఈనాటికీ ఆయన వేసిన లెక్క ప్రకారమే పూస్తోంది. డ్రెస్డెన్ దగ్గర పుట్టి, లండన్‌లోని క్యూ అనే వృక్షోద్యానంలో పనిచేసి, బరోడా మీదుగా ఇక్కడికి చేరిన ఈ జర్మన్, ఒక చెట్టు పూలు రాలేసరికి మరొకటి అందుకునేలా వీధుల వెంట చెట్లు నాటించాడు. ఏడాది మొదట్లో గులాబిరంగు టబెబుయా, దాని వెనుకే పసుపుపచ్చవి, తరవాత ఊదారంగు జకరండా, ఎండలు ముదిరేసరికి ఎర్ర తురాయి, మన రేల. వీటిలో చాలావాటి పుట్టిళ్లు దక్షిణ, మధ్య అమెరికాలు, తురాయిది మడగాస్కర్. పరాయి చెట్లని వాటిని తీసిపారేసేవారితో నేను ఏకీభవించలేను, కానీ మన కానుగ, మోదుగ, రేల ఇంకా ఎక్కువ ఉంటే బాగుండేదన్న మాటతో ఏకీభవిస్తాను. మాఘ, ఫాల్గుణాల్లో చిగురించిన కానుగ ఆకు మీద ఉదయపు ఎండ పడినప్పుడు ఆ చెట్టుకు పూలు అవసరం లేదనిపిస్తుంది. 1932లో పదవీ విరమణ చేసిన క్రుంబీగల్, 1956లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. లాల్‌బాగ్ పక్కనున్న ఒక దారికి ఆయన పేరే ఉంది.

ఈ వరసను ఒక్క రోజులో చూడటం ఎవరికీ సాధ్యం కాదు. పూల ప్రదర్శనను నేను తక్కువ చేయడం లేదు; లక్షల పూలను ఒకచోట కూర్చడం వెనుక తోటమాలుల నెలల శ్రమ ఉంది. కానీ ఆ జనసమ్మర్దంలో బూరుగ వేరును ఎవరు చూస్తారు? నాగలింగం పువ్వు కొమ్మ చివర కాకుండా మొద్దు మీదే ఎందుకు పూసిందని ఏ పిల్లవాడు నిలబడి అడుగుతాడు? ఒకసారి ప్రదర్శన ముగిసిన మర్నాడు వెళ్లి, తొక్కిళ్లకు అణిగిపోయిన పచ్చికను చూసి నేను తొందరగా ఇంటికి వచ్చేశాను. మామూలు మంగళవారం ఉదయం అదే చోట చెరువు గట్టు మీద కూర్చుంటే కొంగలు మన ఉనికిని పట్టించుకోవు.

కబ్బన్ పార్కు స్వభావం వేరు. 1870లో ఇంజనీరు రిచర్డ్ శాంకీ రూపుదిద్దిన ఆ వనం నగరం నడిబొడ్డున, ఎర్రని హైకోర్టు భవనానికి ఎదురుగా ఉంటుంది. అక్కడికి సాయంత్రం వెళ్లండి. గొడుగుల్లా పరుచుకున్న నిద్రగన్నేరు చెట్ల ఆకులు పొద్దు వాలే వేళకు ముడుచుకోవడం కళ్లారా చూడవచ్చు. మన పూర్వులు ఆ చెట్టుకు అంత సరైన పేరు ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది.

మైసూరు దగ్గరి బృందావనాన్ని నేను వృక్షోద్యానాల లెక్కలో వేయను. కృష్ణరాజసాగరం కట్ట కింద, దివాను మీర్జా ఇస్మాయిల్ పూనికతో 1932 నాటికి రూపొందిన ఆ మెట్ల తోట అందం నీటి అందం. ఆనకట్ట పని మొదలుపెట్టించిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మన గిద్దలూరు దగ్గరి మోక్షగుండం కాబట్టి మనవాళ్లకు అక్కడ కొంత చనువు సహజమే. దీపాల కోసం రాత్రి వెళ్లేవారే ఎక్కువ. నేనైతే దీపాలు వెలగక ముందు వెళ్లి, కాలువల్లో నీరు మెట్టు మెట్టుగా దిగే తీరు చూడమంటాను.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు నేను లాల్‌బాగ్ బండ మీద, బురుజు పక్కన ఉంటాను. రాదలచినవారు ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ తీసుకురండి. పలకల మీద లాటిన్ పేర్లున్న చెట్లలో కొన్నిటికి మీ ఊళ్లో ఏ పేరు ఉందో వాళ్లు చెప్పగలరు. ఆ పేర్లు రాసుకుంటూ చెరువు దాకా నడుద్దాం. నమస్కారం.