పిడికెడు ఆకు, రెండు షెంగుల నీళ్ళు

శ్రోతలకు నమస్కారం. ప్రాచీన చైనా వైద్యగ్రంథాలను కంప్యూటర్లలోకి ఎక్కించి, ఏ దేశంలో ఉన్నవారైనా చదువుకోగలిగే ఉమ్మడి గ్రంథాలయంగా కూర్చే పని గురించి ఈ కొద్ది నిమిషాలలో మాట్లాడదలచాను. రెండువేల ఏళ్ళ వైద్య వాఙ్మయాన్ని ఇంత తక్కువ వ్యవధిలో ఇమడ్చడం నా తరం కాదు కనుక, నాకెంతో ఇష్టమైన ఒకే ఒక్క వాక్యాన్ని పట్టుకుని నడుస్తాను.

ఆ వాక్యం గే హోంగ్ అనే పండితునిది. నాలుగో శతాబ్దానికి చెందిన ఆయన, వైద్యుడు అందుబాటులో లేనివారికి ఆపత్కాలంలో అక్కరకు వచ్చే మందులను ఒక చిన్న పుస్తకంగా కూర్చాడు. ఆ పుస్తకం పేరులో ‘మోచేతి వెనుక’ అనే మాట ఉంది. వెడల్పాటి అంగీ చేతిలో దాచుకుని వెంట తీసుకుపోదగినదని దాని భావం. మన వాడుకలో అయితే కొంగున ముడివేసుకోదగిన పుస్తకమన్నమాట. అందులో చలిజ్వరాల ప్రకరణంలో ఇలా ఉంది: “చింగ్‌హావ్ ఒక పిడికెడు తీసుకుని, రెండు షెంగుల నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగవలెను.”

చింగ్‌హావ్ ఒక మొక్క, షెంగ్ పాతకాలపు చైనా కొలత. నానబెట్టి, పిండి. ఈ రెండు మాటలనూ దయచేసి గుర్తుంచుకోండి.

వియత్నాం యుద్ధకాలంలో, పాత మందులు మలేరియాపై పనిచేయకుండా పోతున్నప్పుడు, కొత్త మందు కోసం చైనా ప్రభుత్వం ఒక రహస్య పరిశోధన ప్రారంభించింది. 1967 మే 23న మొదలైనందువల్ల దానికి 523 అనే పేరు వచ్చింది. 1969లో బీజింగులో తు యూయూ అనే శాస్త్రవేత్త ఆ పనిలో చేరి, పాత గ్రంథాల నుంచీ అనుభవజ్ఞులైన వైద్యుల నుంచీ రెండువేలకు పైగా యోగాలను, అంటే మందు తయారుచేసే విధానాలను, సేకరించారు. వాటిలో చింగ్‌హావ్ ఒకటి. మన వినాయకచవితి పత్రిలో ముందుగా వచ్చే మాచిపత్రికి ఈ మొక్క దగ్గరి చుట్టం. ఎలుకల మీద పరీక్షించినప్పుడు దాని సారం ఒకసారి 68 శాతం ఫలితమిచ్చి ఆశ పెట్టింది. మళ్ళీ చేసినప్పుడు 12 నుంచి 40 శాతం మధ్యకు పడిపోయింది. అప్పుడామె మళ్ళీ పుస్తకాల దగ్గరకే వెళ్ళి, గే హోంగ్ వాక్యం దగ్గర ఆగారు. కషాయం అంటే ఆకును మరిగించడమే పరిపాటి కదా, మరి ఇక్కడ మరిగించమనలేదేమి? వేడికి మందుగుణం చెడిపోతున్నదేమో! దాదాపు 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీయించారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకలలోని మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. తు, ఆమె సహచరులు ఆ మందును ముందు తామే తాగి చూసుకున్నారు. అదే తరువాత ఆర్టెమిసినిన్‌గా లోకానికి తెలిసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897లో మన సికింద్రాబాదులోనే కాబట్టి, ఈ కథ నాకు మరీ పరాయిదిగా తోచదు.

పాత పుస్తకాలలో అన్నీ ఉన్నాయిష అనే ధోరణి నాకు లేదు. రెండువేల యోగాలలో ఎన్నో పరీక్షకు నిలవలేదు. వాక్యం ఇచ్చింది సూచన మాత్రమే. రుజువు ప్రయోగశాలలో దొరికింది. అయితే ఆ సూచనైనా దొరకడానికి, పదహారు వందల ఏళ్ళలో ఏ లేఖకుడూ ‘నానబెట్టి’ అన్నది పొరపాటని భావించి ‘మరిగించి’ అని దిద్దకపోవడమే కారణం. నాకు ఆశ్చర్యం కలిగించేది అదే.

ఆ పుస్తకం మనదాకా గే హోంగ్ చేతి నుంచి నేరుగా రాలేదు. క్రీ.శ. 500 ప్రాంతంలో తావ్ హోంగ్‌జింగ్ దాన్ని సవరించి పెంచాడు. 1144లో యాంగ్ యోంగ్‌దావ్ మరికొన్ని యోగాలు చేర్చాడు. ఏ పంక్తి ఎవరిదో గుర్తుపెట్టకుండా మొత్తాన్ని ఒకే మూసలో టైపు చేస్తే ఎనిమిది శతాబ్దాలు కలగాపులగమైపోతాయి. ఇక కొలతల సంగతి. నేటి చైనాలో షెంగ్ అంటే లీటరు; గే హోంగ్ నాటి షెంగ్ సుమారు 200 మిల్లీలీటర్లు. మేలు చేద్దామనుకుని ఎవరైనా రెండు షెంగులను రెండు లీటర్లుగా మారిస్తే, అదే పిడికెడు ఆకుకు నీళ్ళు అయిదింతలవుతాయి.

మా ఇంట్లోనూ ఇటువంటిదే జరిగింది. తాతగారి చిట్కాల కాగితంలో ‘తులం’ అని ఉన్నచోటల్లా మా అన్నయ్య శ్రద్ధగా ‘పది గ్రాములు’ అని తిరగరాశాడు. పాత తులం పదకొండున్నర గ్రాములకు పైమాటే. అసలు కాగితం చెదలపాలైంది. ఇప్పుడు మిగిలింది అన్నయ్య పది గ్రాములే.

ఉమ్మడిగా ఎందుకు చేయాలంటే, ఈ గ్రంథాలు ఒక్క చైనాలోనే లేవు. చైనాలోని దున్‌హువాంగ్ గుహలో దొరికిన వైద్యపత్రాలు లండన్, పారిస్ నగరాలలో ఉన్నాయి. చైనాలో నశించిన ఎన్నో గ్రంథాల భాగాలు, 984లో జపానులో తంబా యసుయోరి ముప్పై సంపుటాలుగా కూర్చిన ఇషిన్‌పో అనే వైద్యగ్రంథంలో మిగిలాయి. ఒకే అక్షరాన్ని ఒకచోట ఒక రూపంలో, మరొకచోట మరొక రూపంలో రాస్తారు. రెండు రూపాలూ ఒకటేనని యంత్రానికి ముందుగా చెప్పకపోతే, వెతికినవారికి సగమే దొరుకుతుంది.

అందువల్ల ఇటువంటి గ్రంథాలయం కట్టేవారిని, చైనా గ్రంథాలకైనా మన తాళపత్రాలకైనా, నేను కోరేది ఒక్కటే. టైపు చేసిన ప్రతి పుట పక్కన ఆ పుట ఛాయాచిత్రం ఉండాలి. మూలంలో షెంగ్ అని ఉంటే షెంగ్ అనే ఉంచి, మిల్లీలీటర్లను అంచులో రాయాలి. తప్పని తోచిన అక్షరాన్ని కూడా దిద్దకుండా, అనుమానాన్ని పక్కనే, రాసినవారి పేరుతో, తేదీతో నమోదు చేయాలి. ఛాయాచిత్రం పక్కన ఉన్నంతకాలం టైపులో దొర్లిన తప్పును ఎప్పుడైనా, ఎవరైనా పట్టుకోగలరు. నమస్కారం.