9 నొక్కకపోతే 911 కలవదా? చట్టం వచ్చాక కూడానా?

సూటిగా విషయానికొచ్చేస్తా. అమెరికాలో కారీస్ లా (ముందు 9 లాంటి అంకె నొక్కకుండానే హోటల్, ఆఫీసు ఫోన్ల నుంచి 911 కలవాలనే చట్టం) వచ్చేసింది, ఇక ఏ హోటల్ గదిలో ఫోన్ ఎత్తి అత్యవసర నంబర్ 911 కొట్టినా నేరుగా కలుస్తుంది అని మీరు అనుకుంటుంటే, ఆ నమ్మకం ఇప్పుడే తీసి పక్కన పెట్టండి. ఏ ఫోన్ వల్ల ఆ చట్టం పుట్టిందో, సరిగ్గా అలాంటి పాత ఫోన్‌నే ఆ ఫెడరల్ చట్టం వదిలేసింది. అవునండీ, వదిలేసింది!

గొడవ మీకు తెలిసిందే, కొత్తగా చూసేవాళ్ల కోసం రెండు ముక్కలు. 2013 డిసెంబర్ 1, టెక్సాస్‌లో మార్షల్ అనే ఊరు. మోటెల్ గదిలో కారీ హంట్ అనే తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు అక్కడున్న ఫోన్ తీసి 911 కొట్టింది. నాలుగుసార్లు కొట్టింది. ఒక్కసారి కూడా కలవలేదు. ఎందుకంటే అక్కడ బయటి లైన్ రావాలంటే ముందు 9 నొక్కాలట! తల్లి చనిపోయింది. ఆపద వస్తే 911 కొట్టు అని పెద్దవాళ్లు నేర్పారు, ఆ పిల్ల అక్షరాలా అదే చేసింది. ఇంకేం చెయ్యాలి పాపం?

ఆ తర్వాత కారీ తండ్రి పట్టు వదల్లేదు, చట్టం కావాలని ఆయన పెట్టిన పిటిషన్‌కి లక్షల సంతకాలు వచ్చాయి. 2014 జనవరిలో అజిత్ పాయ్, అప్పటికింకా ఎఫ్‌సీసీలో (అమెరికాలో ఫోన్, ప్రసారాలను నియంత్రించే సంస్థ) కమిషనర్ మాత్రమే, పది పెద్ద హోటల్ కంపెనీలకు ఉత్తరాలు రాశాడు: మీ గదిలో గెస్ట్ 911 కొడితే అసలు కలుస్తుందా లేదా? ఆయన మిగతా నిర్ణయాల మీద నాకు బోలెడు కోపం ఉంది, అది వేరే వీడియో, కానీ ఈ ఒక్క విషయంలో దండం పెడతా. 2015లో టెక్సాస్ చట్టం, 2018 ఫిబ్రవరి 16న ఫెడరల్ చట్టం మీద సంతకం. తేదీ చూశారా? అలబామాలోని హేలీవిల్‌లో మొట్టమొదటి 911 కాల్ వెళ్లింది 1968 ఫిబ్రవరి 16న. సరిగ్గా యాభై ఏళ్లు. బాగుంది, చప్పట్లు.

మెలిక ఎక్కడుందంటే, ఆ చట్టం 2020 ఫిబ్రవరి 16 తర్వాత తయారైన, దిగుమతైన, మొదటిసారి అమ్మిన, లేదా కొత్తగా బిగించిన హోటల్, ఆఫీసు ఫోన్ సిస్టమ్స్‌కే వర్తిస్తుంది. అంతకుముందు బిగించినది రిసెప్షన్ వెనక గదిలో దుమ్ము కొట్టుకుపోయి, ఆకుపచ్చ లైటు మిణుకుమిణుకుమంటూ పనిచేస్తూనే ఉంటే? ఫెడరల్ చట్టం దాని జోలికి పోదు. హెల్మెట్ రూలు పెట్టి, కొత్తగా బండి కొన్నవాళ్లే పెట్టుకోండి అన్నట్టుంది. నిన్నగాక మొన్న కామెంట్లలో ఒకాయన "అక్కా, ఆ సమస్య ఎప్పుడో తీరిపోయింది కదా" అని రాశారు. తీరలేదు తమ్ముడూ.

ఇప్పుడు నా థియరీ వినండి, తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి. ఆ 9 అసలు ఎందుకుంది? నేనైతే బిల్లు కోసమే అంటాను. గదిలోంచి ఎవరు బయటికి ఫోన్ చేశారో లెక్కగట్టి, నిమిషానికింత అని చెకౌట్ టైమ్‌లో వసూలు చెయ్యడానికి. ఇప్పుడు హోటల్ ఫోన్‌లో డబ్బులిచ్చి మాట్లాడేవాళ్లు ఎవరున్నారండీ? ఆ ఆదాయం ఎప్పుడో పోయింది, 9 మాత్రం అలాగే కూర్చుంది, ఎందుకంటే దాన్ని తీయాలంటే టెక్నీషియన్‌ని పిలవాలి, వాడికి విజిట్ ఛార్జీ ఇవ్వాలి. చాలా సిస్టమ్స్‌లో ఇది సెట్టింగ్ మార్చే పని, అంతే!

9 తీయకుండా ఉంచేవాళ్లు చెప్పే సాకు ఒకటుంది, అది వింటే మనవాళ్లకి నవ్వొస్తుంది. 911 నేరుగా కలిసేలా పెడితే పొరపాటు కాల్స్ ఎక్కువైపోతాయట. ఇందులో కొంచెం నిజం లేకపోలేదు. ఆఫీసు ఫోన్‌లోంచి ఇండియాకి కొట్టాలంటే బయటి లైన్‌కి 9, తర్వాత విదేశీ కాల్‌కి 011, తర్వాత ఇండియా కోడ్ 91. హడావిడిలో ఆ సున్నా ఒక్కటి వదిలేశారనుకోండి... 9, 1, 1. అమ్మకి ఫోన్ చేద్దామనుకుంటే అవతల "వాట్ ఈజ్ యువర్ ఎమర్జెన్సీ" అని వినిపిస్తుంది, మనం టెన్షన్‌లో టక్కున పెట్టేస్తాం, వాళ్లు తిరిగి ఫోన్ చేస్తారు, ఒక్కోసారి పోలీసు కారే వచ్చేస్తుంది. అలా జరిగితే పెట్టేయకండి, పొరపాటున కొట్టాను అని చెప్పండి, అయిపోతుంది. దీనికోసం ఒక పిల్ల కాల్ కలవకపోయినా ఫరవాలేదంటారా? సిగ్గుండాలి.

"సెల్‌ఫోన్ ఉందిగా" అనే బ్యాచ్ కూడా సిద్ధంగా ఉంటుంది. ఉంది. లాక్ వేసి ఉంటుంది, లాక్‌లోనే ఎమర్జెన్సీ కాల్ చెయ్యొచ్చని ఎంతమంది పిల్లలకి తెలుసు? పైగా సెల్ చాలాసార్లు బిల్డింగ్ దాకా తీసుకెళ్తుంది, నాలుగో అంతస్తులో 412 నంబర్ గది అని చెప్పదు. గది ఫోన్ అది చెప్పగలదు. రే బామ్స్ యాక్ట్ అనే ఇంకో ఫెడరల్ చట్టం కింద 2021 జనవరి నుంచి ఈ ఫోన్లు అంతస్తు, గది వివరాలతో సహా 911 సెంటర్‌కి పంపాలి. మళ్లీ అదే కథ, కొత్తవాటికే!

అందుకే నేను వాషింగ్టన్ వైపు చూడటం మానేశా. రాష్ట్రాలు సొంత చట్టాన్ని ఇంతకంటే గట్టిగా రాసుకోవచ్చు, ఫెడరల్ చట్టం అడ్డుపడదు. టెక్సాస్ పాత సిస్టమ్స్‌ని కూడా లోపలికి లాగింది. కాకపోతే అక్కడా ఒక కన్నం పెట్టారు: ఖర్చు భరించలేమని అఫిడవిట్ ఇస్తే ఏడాది మినహాయింపు, ఫోన్ దగ్గర మాత్రం 911 ఎలా కొట్టాలో స్టిక్కర్ అంటించాలి. స్టిక్కర్! ఎదురుగా తల్లిని చంపుతుంటే తొమ్మిదేళ్ల పిల్ల స్టిక్కర్ చదువుకోవాలన్నమాట. అయినా కొన్ని చోట్ల ఆ మాత్రం కూడా లేదు.

మోటెళ్లు నడిపే మన తెలుగువాళ్లు ఈ వీడియో చూస్తున్నారని నాకు తెలుసు. రేపు పొద్దున్నే మీ ఫోన్ వెండర్‌కి కాల్ చేసి, 9 లేకుండా 911 కలుస్తుందా, కలిస్తే ఫ్రంట్ డెస్క్‌కి అలర్ట్ వస్తుందా, ఈ రెండే అడగండి. టెస్ట్ చేద్దామని మీరే 911 కొట్టకండి బాబూ, ముందు లోకల్ సెంటర్‌కి నాన్‌ఎమర్జెన్సీ నంబర్‌లో చెప్పి టైమ్ తీసుకోవాలి. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఫోన్ ఉన్నవాళ్లు 933 కొట్టి చూడండి, అది టెస్ట్ నంబర్. ఏమొచ్చిందో మీ స్టేట్ పేరుతో సహా కింద రాయండి. ఇంకా 9 అడుగుతోందని రాసిన స్టేట్స్‌తోనే వచ్చే వీడియో మొదలుపెడతా.