మా మాటలు ఎటు పోయాయమ్మా?

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం. నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, కృతజ్ఞతలు. శాలువా సంగతి తర్వాత చూద్దాం, టైమ్ తక్కువుంది.

ఆహ్వాన పత్రంలో 'ఆదివాసుల్లో ఇల్లు లేనితనం: పరిశోధనా పద్ధతులు' అని వేశారు. నేనూ అలాగే పద్ధతుల గురించి రాసుకొచ్చాను. కానీ వచ్చే నెల మీలో కొందరు చింతూరు, కూనవరం వైపు సర్వేకి వెళ్తున్నారని పొద్దున టీ దగ్గర తెలిసింది. అందుకని ముందు మీకు ఒక అమ్మమ్మ గురించి చెప్పాలి. పద్ధతులకు టైమ్ మిగిలితే సరే.

నేను చాలా ఏళ్లు కెనడాలోని విన్నిపెగ్‌లో పనిచేశాను. చలికాలంలో మైనస్ ముప్పై దాకా పడిపోయే ఊరు. ఆ చలిలో బస్ షెల్టర్లలో ముడుచుకుని పడుకునేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువ మంది ఆ నేల మీద అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్లే. ఆ దేశ జనాభాలో ఆదివాసులు, అంటే ఫస్ట్ నేషన్స్, మేటీ, ఇన్యూట్ అనేవాళ్లు అందరూ కలిపి నూటికి 5 మంది. 2018లో దేశమంతటా అనేక ఊళ్లలో ఇల్లు లేనివాళ్లను లెక్కపెడితే నూటికి 30 మంది వాళ్లే తేలారు. విన్నిపెగ్‌లో ఆ ఏడాది లెక్కలోనైతే దాదాపు మూడింట రెండొంతులు.

ఇక అమ్మమ్మ దగ్గరికి వస్తాను. 2011లో అసినిబోయిన్ నదికి పెద్ద వరద వచ్చింది. దిగువన ఉన్న పొలాలు, విన్నిపెగ్ నగరం మునగకుండా ఆ నీళ్లను కాలువ ద్వారా మానిటోబా సరస్సులోకి మళ్లించారు. అది నిండితే అక్కణ్ణుంచి సెయింట్ మార్టిన్ సరస్సుకు వదిలారు. ఆ సరస్సు ఒడ్డున ఫస్ట్ నేషన్స్‌లో ఒకరైన అనిషినాబే వాళ్ల ఊరుంది. ఊరు మొత్తం ఖాళీ అయింది. వెయ్యికి పైగా జనం. తీసుకొచ్చి హోటల్ గదుల్లో పెట్టారు. కొన్ని వారాలే అనుకున్నారు. 2017 వచ్చేదాకా ఊళ్లో కొత్త ఇళ్లలోకి వెళ్లడం మొదలే కాలేదు.

వరద వచ్చిన మరుసటి ఏడాది నేను ప్రశ్నావళి పట్టుకుని అలాంటి ఒక హోటల్‌కి వెళ్లాను. తలుపు తీసినామెకు డెబ్బై ఏళ్లుంటాయి. కూర్చోమంది. నా మొదటి ప్రశ్న: గత 30 రోజుల్లో ఎన్ని రాత్రులు తలదాచుకునే చోటు లేకుండా గడిపారు? ఆమె ఆలోచించి 'ఒక్కటీ లేదు' అంది. కింద నా ఫారంలో ఏముందో తెలుసా? 'సున్నా అయితే ఇంటర్వ్యూ ఇక్కడితో ఆపండి.' నేను పెన్ను మూత పెట్టాను. లేవబోతుంటే నా చేయి పట్టుకుంది.

'నీకంటే ముందు ఒకామె వచ్చింది. ఇక్కడికే వచ్చి లేచిపోయింది. ఇంకొకాయన రెండు గంటలు రాసుకున్నాడు. మా మాటలు ఎటు పోయాయమ్మా?'

నా దగ్గర సమాధానం లేదు. ఆ గదిలో పొయ్యి లేదు. పుట్టినప్పటి నుంచి చేపలు పట్టి, వండి, పదిమందికి పెట్టిన మనిషి. మనవలు ఒకరు ఒక హోటల్లో, ఇంకొకరు ఇంకో హోటల్లో. వాళ్ల భాషలో మాట్లాడటానికి పక్క గదిలో కూడా మనిషి లేదు. నా ఫారం ప్రకారం మాత్రం ఆమెకు ఇల్లు లేకపోవడం అనే సమస్యే లేదు, ఎందుకంటే తల మీద కప్పు ఉంది కదా.

2017లో జెస్సీ థిసిల్ అనే మేటీ క్రీ పరిశోధకుడు, తాను స్వయంగా వీధుల్లో బతికిన మనిషి, వాళ్ల పెద్దలతో కూర్చుని ఇల్లు లేకపోవడానికి కొత్త నిర్వచనం రాశాడు. నేల, నీళ్లు, చుట్టాలు, భాష, జంతువులు, వీటన్నిటితో ఉన్న బంధం తెగిపోవడమే నిలువ నీడ లేకపోవడం అన్నాడు. అందులో 12 రకాలు చెప్పాడు. ముంపు వల్ల వచ్చేది ఒకటి. సొంత ఊరికి తిరిగి వెళ్తే అక్కడ పరాయివాడిగా నిలబడాల్సి రావడం ఇంకొకటి. అది చదివినప్పుడు నాకు ఆ హోటల్ గదే కళ్ల ముందు కనిపించింది. ఐదేళ్ల ముందు ఆమె నాకు చెప్పబోయింది ఇదే. నేనే పెన్ను మూసేశాను.

వాళ్లు మనల్ని ఎందుకు నమ్మరని మీలో ఒకరు పొద్దున అడిగారు. నమ్మకపోవడానికి కారణాలున్నాయి బాబూ. కెనడాలో లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లి, ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. వాటిలో కొన్ని స్కూళ్లలో 1948 నుంచి 1952 దాకా, అసలే ఆకలితో ఉన్న పిల్లల మీద, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా పోషకాహార ప్రయోగాలు చేశారు. చేసింది చదువుకున్నవాళ్లే, మనలాంటి పరిశోధకులే. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గర హవసుపాయ్ తెగ వాళ్లు 1990ల్లో షుగర్ జబ్బు గురించి తెలుస్తుందని రక్తం ఇచ్చారు. ఆ రక్తంతోనే తమను అడగకుండా మానసిక వ్యాధుల మీద, తమ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారనే దాని మీద పరిశోధనలు చేశారని తర్వాత తెలిసింది. కోర్టుకెళ్లారు. 2010లో రాజీ కుదిరాక మిగిలిన నమూనాలను తమ ఊరికి తిరిగి తెచ్చుకున్నారు.

నేను రక్తం తీసుకోలేదు. కానీ నా మొదటి ప్రాజెక్టులో నలభై మందికి పైగా నాతో మాట్లాడారు. వాళ్ల మాటలతో నా పేరు మీద రెండు వ్యాసాలు అచ్చయ్యాయి. ఒక్కరికి కూడా ఒక్క కాగితం తీసుకెళ్లి ఇవ్వలేదు. ఇది నేను చేసిన తప్పు. ఈ మాట చెప్పడానికే ఈ పిలుపు ఒప్పుకున్నాను.

1998లో కెనడాలో ఫస్ట్ నేషన్స్ వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. మా గురించిన సమాచారం మాది, దాని మీద అజమాయిషీ మాది, అది చూసే హక్కు, దగ్గర ఉంచుకునే హక్కు మావి అని. చాలా చిన్న మాటలు. కానీ వీటి ప్రకారం పనిచేయాలంటే మన అలవాట్లన్నీ తిరగబడతాయి.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ అమ్మమ్మ దగ్గరికి చిన్న గుడ్డలో పొగాకు కట్టి తీసుకెళ్లాను. వాళ్లలో పెద్దవాళ్లను ఏదైనా అడగాలంటే అదే మర్యాద. మన దగ్గర తాంబూలం ఇచ్చి అడిగినట్టు. ఆమె తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే వెనక్కి రావాలి. తీసుకుంది, కానీ ఏడు నెలలు ఏమీ రాసుకోనివ్వలేదు. టీ తాగాం, కుట్టుపని చేశాం, ఒక అంత్యక్రియకు వెళ్లాం. గ్రాంటు ఇచ్చినవాళ్లు ప్రోగ్రెస్ రిపోర్టు ఏదని మెయిల్ మీద మెయిల్. నాకు నిద్ర పట్టని టెన్షన్. ఎనిమిదో నెలలో ఆమే నలుగురిని పిలిచి, నా ఫారం ముందు పెట్టుకుని, మొదటి ప్రశ్న కొట్టేసింది. దాని బదులు 'ఎవరి దగ్గరుంటే నీకు ఇంట్లో ఉన్నట్టుంటుంది? వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?' అని పెట్టించింది. ప్రశ్నలు అడిగింది కూడా నేను కాదు, వాళ్ల పిల్లలే, వీధుల్లో బతికి బయటపడినవాళ్లు. వాళ్లకు జీతం ఇచ్చాం. మాట్లాడిన ప్రతి ఒక్కరికీ డబ్బు, భోజనం. రాసినదంతా హాల్లో చదివి వినిపించాం. ఒక పేజీ తీసేయమన్నారు, తీసేశాం. రికార్డింగులు ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉన్నాయి. నాకు కావాలంటే నేనే వెళ్లి అడగాలి.

ఇప్పుడు మన గోదావరి సంగతి. 2014లో తెలంగాణ వైపు నుంచి ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం లాంటి విలీన మండలాలు మీకు తెలుసు. పోలవరం ముంపులో కోయలు, కొండరెడ్ల ఊళ్లు ఎన్ని ఉన్నాయో తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు ఆ జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. ఆ తర్వాత నేను ఒక పునరావాస కాలనీకి వెళ్లాను. ఒక కోయ పెద్దాయన ఇంటికి తాళం. సర్వేవాళ్లు తలుపు మీద నంబరు వేసి, 'లబ్ధిదారుకు ఇల్లు ఉంది, మనిషి లేడు' అని రాసుకుని పోయారట. మనిషి పాత ఊళ్లో తాటాకు పాక వేసుకుని ఉన్నాడు. పోడు అక్కడుంది, తునికాకు అక్కడుంది, వాళ్ల దేవర అక్కడే ఉంది. కాలనీలో ఇల్లుంది, బతుకు లేదు. ఊళ్లో బతుకుంది, రేపు నీళ్లొస్తే ఊరుండదు. దీన్ని మీ ట్యాబ్‌లో ఏ గడిలో టిక్ పెడతారు? చెప్పండి, ఏ గడిలో?

దయచేసి వచ్చే నెల ఆ ట్యాబ్‌లు ఇక్కడే పెట్టి వెళ్లండి. మొదటిసారి ఉత్త చేతులతో వెళ్లండి. ఊరి పటేల్ దగ్గర కూర్చోండి. మీరు రాసుకొచ్చిన ప్రశ్నలు వాళ్లకు చదివి వినిపించి, ఇవి అడగాల్సినవేనా అని వాళ్లనే అడగండి. కాదంటే చింపేయండి. మీ గైడు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను. అవసరమైతే ఉత్తరం కూడా రాసిస్తాను.

పద్ధతుల గురించి రాసుకొచ్చిన కాగితాలు ఇలాగే ఉండిపోయాయి. జిరాక్స్ తీసి ఇస్తాను, చదువుకోండి. ఇక ప్రశ్నలు అడగవచ్చు. వెనక వరసలో భద్రాచలం, చింతూరు నుంచి వచ్చిన కోయ విద్యార్థులున్నారని చెప్పారు. మైకు ముందు వాళ్లకివ్వండి.